కోట ఒకటే.. ఉద్యోగాలే మారాయి

వీసా ఇంటర్వ్యూ, ఆస్పత్రి పని, ఓఎంఆర్‌లో కొత్త ఉద్యోగం.. ఏదో ఒక పని మీద చెన్నై వెళ్లే తెలుగువాళ్లకు లెక్కలేదు. పనయ్యాక మెరీనాలో ఒక సెల్ఫీ, టీ నగర్‌లో షాపింగ్, రాత్రికి రైలు. అదే మెరీనా నుంచి ఉత్తరం వైపు ఇంకాస్త ముందుకెళ్తే వచ్చే సెయింట్ జార్జ్ కోట మాత్రం ఎవరి లిస్టులోనూ కనిపించదు. నిజానికి ఆ కోట లేకపోతే చెన్నై అనే మహానగరమే లేదు. ఆ కోట కట్టుకోమని పట్టా రాసిచ్చింది కూడా మనవాళ్లే!

ఈసారి వెళ్లినప్పుడు ఒక పూట దీనికి కేటాయించండి. మెట్రోలో హైకోర్టు స్టేషన్‌లో దిగి నడవొచ్చు. లోకల్ రైలైతే చెన్నై ఫోర్ట్ స్టేషన్ ఉండనే ఉంది.

కోట అనగానే గోల్కొండ, గండికోట గుర్తొస్తాయి కదా.. కొండ, బురుజులు, రాణి మహలు, చప్పట్లు కొడితే పైకి వినిపించే శబ్దం. ఇక్కడ అవేవీ ఉండవు. గేటు దగ్గర బ్యాగు చెక్ చేస్తారు. లోపలికెళ్తే ఎర్రబుగ్గ లేకపోయినా హడావిడి తగ్గని ప్రభుత్వ కార్లు, చేతిలో ఫైలు, భుజాన టిఫిన్ క్యారియర్ సంచితో ఉద్యోగులు, అర్జీలు పట్టుకొచ్చిన జనం. అచ్చం మన కలెక్టరేట్‌లో సోమవారం ఉదయంలా ఉంటుంది. 'ఇది కోటేనా?' అనిపిస్తుంది.

కోటే. కాకపోతే ఇందులో ఏ రాజూ కాపురం చేయలేదు. 380 ఏళ్లకు పైగా ఇది ఉద్యోగం చేస్తూనే ఉంది. ఒక ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంది. అందుకే బతికింది.

మొదటి ఉద్యోగం: గోదాం

ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఈ తీరంలో మొదట అడుగుపెట్టింది చెన్నైలో కాదు, మన మచిలీపట్నంలో. 1611లోనే అక్కడ దుకాణం తెరిచారు. తర్వాత పాత నెల్లూరు జిల్లా తీరంలోని దుర్గరాజపట్నంలో ఇంకోటి పెట్టారు. వాళ్లకు కావాల్సింది బట్ట. మన నేతగాళ్లు నేసిన నూలు బట్టలకు, అద్దకాలకు అప్పట్లో ఆసియాలోనూ యూరప్‌లోనూ మంచి గిరాకీ. కానీ మచిలీపట్నంలో గోల్కొండ అధికారులతో తలనొప్పులు, డచ్చివాళ్లతో పోటీ. దుర్గరాజపట్నంలో సరుకు సరిగా దొరకదు. ఇంకో చోటు వెతుక్కోక తప్పలేదు.

ఆ వెతుకులాటలో దుర్గరాజపట్నం దుకాణం చూసే ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వచ్చి, మద్రాసపట్నం అనే పల్లె పక్కనున్న ఇసుక తిన్నెను ఎంచుకున్నాడు. ఆ ప్రాంతం అప్పట్లో చంద్రగిరి నుంచి పాలిస్తున్న విజయనగర రాజుల కింద ఉండేది. స్థానికంగా అధికారం దామెర్ల వెంకటాద్రి నాయకుడిది. మధ్యలో మాట కలిపినవాడు దుబాసీ బేరి తిమ్మన్న. 1639 ఆగస్టు 22 తేదీతో ఉన్న పట్టా ప్రకారం ఆ నేల కంపెనీ చేతికి వచ్చింది. ఏటా ఆగస్టు 22న చెన్నైవాళ్లు 'మద్రాస్ డే' జరుపుకునేది అందుకే. వెంకటాద్రి నాయకుడి తండ్రి పేరు చెన్నప్ప. చెన్నపట్నం అన్న పేరు, దాంతో నేటి 'చెన్నై' ఆయన పేరు మీదే వచ్చాయని ఎక్కువమంది చెప్పే మాట.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో డే, మచిలీపట్నం దుకాణం పెద్ద ఆండ్రూ కోగన్ కలిసి దుర్గరాజపట్నం నుంచి ఓడల్లో వచ్చి పని మొదలుపెట్టారు. మొదట కట్టింది చిన్న చదరపు కోట. లోపల సరుకు దాచే గదులు, మనుషులు ఉండే గదులు. ఇంగ్లండ్‌వాళ్లు కొలిచే సెయింట్ జార్జ్ పేరే దానికి పెట్టారు.

ఒక తమాషా ఏమిటంటే, ఓడలు ఆగడానికి ఇక్కడ సరైన రేవే లేదు. ఓడ దూరంగా సముద్రంలోనే ఆగాలి. మేకు ఒక్కటి లేకుండా కొబ్బరి తాళ్లతో పలకలను కుట్టిన మసులా పడవల్లో మనుషుల్ని, సరుకును అలలు దాటించి ఒడ్డుకు తెచ్చేవాళ్లు. అలలు అప్పట్లో కోట దగ్గరదాకా వచ్చేవి. ఇప్పుడు కోట ముందు నిలబడితే సముద్రం ఎక్కడో అవతల! 1870ల్లో హార్బర్ కట్టడం మొదలయ్యాక దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక దాని గోడలకు అడ్డంపడి ఆగిపోయింది. ఒడ్డు ముందుకు జరిగింది. మీరు సెల్ఫీ దిగే మెరీనా అంత వెడల్పుగా ఉండటానికీ అదే కారణం.

రెండో ఉద్యోగం: ఊరు

గోదాం చుట్టూ ఇళ్లు లేచాయి. గోడ లోపల యూరోపియన్లు, బయట ఉత్తరం వైపు నేతగాళ్లు, అద్దకంవాళ్లు, వర్తకులు, కూలీలు. లోపలిది 'వైట్ టౌన్', బయటిది 'బ్లాక్ టౌన్'. పేర్లలోనే అంతా ఉంది.. వివరించక్కర్లేదు.

లోపలి ఊరిని ఇప్పటికీ చూడొచ్చు. సెయింట్ మేరీస్ చర్చికి వెళ్లండి. 1680 అక్టోబరులో ప్రారంభమైంది. మన దేశంలో ఇంగ్లండ్ సంప్రదాయపు చర్చిల్లో ఇదే పాతది. తల పైకెత్తి చూడండి.. కప్పులో కర్ర ఉండదు. ఫిరంగి గుండు పడినా తట్టుకునేలా మందపాటి ఇటుక కమానులతో కట్టారు. దేవుడి ఇల్లు కడుతున్నప్పుడు కూడా వాళ్ల మనసులో యుద్ధమే ఉంది! తర్వాత రోజుల్లో నిజంగానే యుద్ధకాలంలో ధాన్యం దాచడానికి, సైనికుల మకాంకు దీన్ని వాడుకున్నారు.

ఈ చర్చిలో జరిగిన మొదటి పెళ్లి ఎలిహు యేల్ అనే కంపెనీ ఉద్యోగిది. తర్వాత అతడు ఇక్కడి గవర్నరయ్యాడు. సొంత వ్యాపారంలో బాగా వెనకేసుకున్నాడు. అతడి హయాంలో ఈ తీరం నుంచి బానిసలను కూడా ఓడలెక్కించారు. ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక 1718లో అమెరికాలోని ఒక చిన్న కాలేజీకి పుస్తకాలు, బట్టల మూటలు విరాళంగా పంపాడు. ఆ సరుకు అమ్మిన డబ్బుతో భవనం కట్టుకుని కాలేజీ అతడి పేరే పెట్టుకుంది. అదే ఇవాళ మన పిల్లలు ఎంఎస్, పీహెచ్‌డీ అడ్మిషన్ కోసం కలలుగనే యేల్ యూనివర్సిటీ. 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్లి కూడా ఈ చర్చిలోనే.

చర్చి ఆవరణలో అడుగు చూసి వేయండి. కింద పరిచిన రాళ్లు సమాధి రాళ్లు. అవి మొదట కోట బయటి శ్మశానంలో ఉండేవి. ఫ్రెంచివాళ్లు కోటను ముట్టడించినప్పుడు ఆ సమాధుల చాటున దాక్కుని కాల్పులు జరిపారు. ఇంకోసారి ఆ అవకాశం ఇవ్వకూడదని ఇంగ్లిష్‌వాళ్లు సమాధులు పీకేసి, రాళ్లు తెచ్చి ఇక్కడ పరిచారు.

1688లో ఇక్కడే మద్రాసు కార్పొరేషన్ మొదలైంది. మన దేశంలో మొట్టమొదటి నగర పాలక సంస్థ అదే. చెత్త, మురుగు, పన్ను.. మనం రోజూ తిట్టుకునే మున్సిపాలిటీ కథ ఈ గోడల మధ్య మొదలైంది.

మూడో ఉద్యోగం: యుద్ధం

కోటగా పుట్టినా, కోట చేయాల్సిన పని ఇది చేసింది కొన్నేళ్లే. మొదటి పెద్ద పరీక్షలో ఫెయిలైంది కూడా! 1746 సెప్టెంబరులో ఫ్రెంచివాళ్లు సముద్రం మీదుగా వచ్చి కొద్ది రోజుల్లోనే పట్టేసుకున్నారు. మూడేళ్ల తర్వాత, యూరప్‌లో కుదిరిన సంధి ప్రకారం 1749లో తిరిగి ఇచ్చేశారు. ఇక్కడి గోడల తలరాత అక్కడెక్కడో కూర్చుని రాశారన్నమాట.

దెబ్బతిన్నాక ఇంగ్లిష్‌వాళ్లు గోడలు పెంచారు, కందకాలు తవ్వారు. 1758 డిసెంబరులో లాలీ నాయకత్వంలో ఫ్రెంచి సేన మళ్లీ వచ్చింది. రెండు నెలలకు పైగా ముట్టడించినా ఈసారి కోట లొంగలేదు. తర్వాత మైసూరు హైదర్ అలీ సేనలు నగరం పొలిమేరలదాకా వచ్చాయి గానీ కోటను పట్టుకోలేదు.

ఈ గెలుపుకు మూల్యం ఎవరు చెల్లించారో చూడాలంటే కోట దాటి రోడ్డవతలికి వెళ్లాలి. అక్కడున్న హైకోర్టు ప్రాంగణమే ఒకప్పటి బ్లాక్ టౌన్. శత్రువు దాక్కోకుండా కోట చుట్టూ మైదానం ఉండాలని ముందు ఫ్రెంచివాళ్లు కొన్ని ఇళ్లు కూల్చారు. తర్వాత మిగతావి ఇంగ్లిష్‌వాళ్లు కూల్చారు. పాత చెన్నకేశవ పెరుమాళ్ గుడి కూడా పోయింది. దాన్ని తర్వాత వేరే చోట కట్టుకున్నారు. ఈ హద్దు దాటి లోపలికి ఇల్లు కట్టొద్దంటూ 1773లో రాతి స్తంభాలు పాతారు. అందులో ఒకటి ప్యారీస్ కార్నర్‌లో ఇప్పటికీ ఉంది. కోటలో గుడ్డ కొనేవాళ్లు భద్రంగా ఉన్నారు, నేసేవాళ్లకు కొంపలు పోయాయి.

యుద్ధాల గుర్తు ఇంకోటి అసెంబ్లీ భవనం ముందుంది. నున్నగా మెరిసే ఆ నల్లరాతి స్తంభాలు మొదట సముద్రం వైపు గేటు నుంచి లోపలికి వచ్చే దారిలో ఉండేవి. కోట ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నప్పుడు వాటిని పుదుచ్చేరికి పట్టుకెళ్లారు. ఆ తర్వాత ఇంగ్లిష్‌వాళ్లు పుదుచ్చేరిని గెలిచి వెనక్కి తెచ్చుకున్నారు. రాళ్లకు కూడా బదిలీలు తప్పలేదు!

ఒక్క బిల్డింగ్.. ఎన్ని డ్యూటీలో!

కోట మొత్తం కథను ఒకే భవనంలో చూడాలంటే ఫోర్ట్ మ్యూజియంకి వెళ్లండి. 1790ల్లో దీన్ని 'ఎక్స్చేంజ్' పేరుతో వర్తకుల కోసం కట్టారు. సరుకుల వేలం, ఓడల కబుర్లు, బేరసారాలు ఇక్కడ జరిగేవి. ఒక బ్యాంకు కూడా ఇందులో నడిచింది. 1796లో దీని కప్పు మీద కొబ్బరినూనె దీపాలు వెలిగించి లైట్‌హౌస్ చేశారు. మద్రాసు మొదటి లైట్‌హౌస్ అదే. 1844లో ఆ దీపం కొత్త స్తంభానికి మారిపోయింది. తర్వాత ఈ భవనం సైనికాధికారుల మెస్ అయింది. 1948 జనవరి 31 నుంచి మ్యూజియం. బజారు, బ్యాంకు, దీపస్తంభం, భోజనశాల, మ్యూజియం.. ఇన్ని పనులు చేసిన మనిషిని మనం ఆల్‌రౌండర్ అంటాం.

లోపల కత్తులు, తుపాకులు, నాణేలు, పింగాణీ, గవర్నర్ల నిలువెత్తు చిత్రాలు ఉంటాయి. కారన్‌వాలిస్ పాలరాతి విగ్రహం ఉంది. అవన్నీ చూడండి. కానీ తప్పనిసరిగా చూడాల్సింది ఒక గుడ్డ ముక్క. 1947 ఆగస్టు 15 తెల్లవారుజామున ఈ కోట మీద ఎగిరిన మువ్వన్నెల జెండా. పట్టు జెండా. రంగు కాస్త వెలిసింది. ఆ రోజు దేశంలో ఎగిరిన జెండాల్లో ఇప్పటికీ మిగిలినవి చాలా అరుదు, అందులో ఇదొకటి.

ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. గుడ్డ కొనుక్కుంటామని వచ్చినవాళ్లు కట్టిన కోట ఇది. మూడు వందల ఏళ్లు దాటాక వాళ్ల జెండా దించి మనం ఎగరేసింది కూడా గుడ్డే!

ఇప్పటి ఉద్యోగం: ఆఫీసు

బయటికొస్తే కనిపించే ఎత్తైన జెండా స్తంభం దాదాపు 150 అడుగులు. ఒకప్పుడు కర్రది, 1994లో ఉక్కుది పెట్టారు. దాని వెనకే తమిళనాడు అసెంబ్లీ, సెక్రటేరియట్. పక్కన పదంతస్తుల నామక్కల్ కవిజ్ఞర్ మాళిగై. టూరిస్టులకు అక్కడ ప్రవేశం లేదు. బయటి నుంచి చూసి తృప్తిపడాలి.

అయినా ఆ భవనం ముందు తెలుగువాడు కాసేపు ఆగాలి. 1953 దాకా శ్రీకాకుళం నుంచి అనంతపురం వరకు మన జిల్లాల ఫైళ్లు కదిలింది ఇక్కడి నుంచే. ప్రభుత్వ గెజిట్ పేరే 'ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్'. ఊళ్లో కాలువ తవ్వాలన్నా, బడి పెట్టాలన్నా కాగితం ఈ కోటకు రావాల్సిందే.

టంగుటూరి ప్రకాశం పంతులు కథ తీసుకోండి. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో జనం రోడ్డెక్కినప్పుడు, హైకోర్టు దగ్గర పోలీసుల తుపాకులకు ఎదురుగా ఆయన చొక్కా తీసి గుండె చూపించిన సంగతి మనకు తెలిసిందే. ఆ చోటు ఈ కోటకు కూతవేటు దూరం. పద్దెనిమిదేళ్ల తర్వాత, 1946లో అదే ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఇదే కోటలో కూర్చున్నారు. అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతను ప్రధాని అనేవారు. తుపాకీ ఎక్కుపెట్టిన ప్రభుత్వానికి ఆదేశాలు వెళ్లిన చోటే ఆయన ఆదేశాలిచ్చారు. ఇంకో ఏడేళ్లకు, 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి కూడా ఆయనే. 'మద్రాస్ మనదే' అన్న నినాదం మాత్రం నినాదంగానే మిగిలిపోయింది. పొట్టి శ్రీరాములు మైలాపూర్‌లో ప్రాణం పెట్టి తెచ్చిన రాష్ట్రంలోకి మద్రాసు రాలేదు.

ఈ ఆఫీసు ఉద్యోగం కూడా ఒకసారి ఊడింది. 2010 మార్చిలో అప్పటి ప్రభుత్వం ఒమందూరార్ ఎస్టేట్‌లో కొత్త భవనం కట్టి అసెంబ్లీ, సెక్రటేరియట్‌ను అక్కడికి మార్చింది. 2011లో ప్రభుత్వం మారింది. జయలలిత మళ్లీ కోటకే వచ్చేశారు. ఆ కొత్త భవనాన్ని పెద్దాస్పత్రి చేశారు. సెక్రటేరియట్ కోసం కట్టిన బిల్డింగ్‌లో ఇవాళ ఓపీ చీటీలు రాస్తున్నారు. గోదాం కోసం పుట్టిన కోటలో చట్టాలు చేస్తున్నారు. ఏ భవనం ఏ పని చేస్తుందో కట్టినవాడి చేతుల్లో ఉండదు!

పని లేని గోడ కూలిపోతుంది

కోటంతా ఒకే తీరుగా లేదు. క్లైవ్ ఇల్లుగా పేరుపడ్డ భవనాన్నే చూడండి. అది మొదట ఒక ఆర్మేనియన్ వర్తకుడిది. ఇప్పుడు పురావస్తు శాఖ ఆఫీసు. రోజూ ఎవరో ఒకరు తలుపు తీస్తారు, ఊడ్చి, లైటు వేస్తారు. అందుకే నిలబడి ఉంది. అదే వెల్లెస్లీ హౌస్ సంగతి? టిప్పు సుల్తాన్ మీద యుద్ధం చేసి, తర్వాత నెపోలియన్‌ను ఓడించిన ఆర్థర్ వెల్లెస్లీ పేరు మోస్తున్న ఆ ఇల్లు 1980లో సగం కూలిపోయింది. ఆ తర్వాత కోలుకోలేదు.

ఇక్కడే చిక్కు ఉంది. వాడుక ఉంటేనే కట్టడం బతుకుతుంది. కానీ వాడుక ఎక్కువైతే జనానికి తలుపు మూసుకుంటుంది. ఈ కోటలో రాష్ట్ర ప్రభుత్వం ఒక వైపు, సైన్యం ఒక వైపు, పురావస్తు శాఖ ఇంకో వైపు. ఒకరికి సెక్యూరిటీ ముఖ్యం, ఇంకొకరికి పార్కింగ్, మరొకరికి పాత ఇటుక. మధ్యలో చూడ్డానికి వచ్చినవాడికి మిగిలేది చర్చి, మ్యూజియం, కాస్త గోడ, కాస్త కందకం. ఒక నగరం పుట్టిన చోట ఆ నగరం పిల్లలే గేటు దగ్గర ఐడీ కార్డు చూపించి లోపలికి రావాలి.

మరి ఆఫీసులన్నీ ఖాళీ చేయించి పూర్తిగా టూరిస్టులకు ఇచ్చేస్తే? వినడానికి బాగానే ఉంటుంది. జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మన బందరు చాలు. చెన్నపట్నం కంటే ముందే ఇంగ్లిష్‌వాళ్ల ఓడలు ఆగిన ఊరు. డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లిష్.. అందరికీ కావాల్సిన రేవు. 1759 ఏప్రిల్‌లో ఫ్రెంచివాళ్ల నుంచి కోట లాక్కోవడానికి పెద్ద యుద్ధమే జరిగింది. రేవులో బురద పేరుకుంది, వ్యాపారం మద్రాసుకు జరిగింది. 1864 నవంబరు ఉప్పెనలో సుమారు ముప్పై వేలమంది పోయారు. ఆ కోటకు మళ్లీ ఏ ఉద్యోగమూ దొరకలేదు. మిగిలింది ఆయుధాగారం లాంటి కొన్ని పాత కట్టడాలే. ఆ ఊరి నుంచి వచ్చినవాళ్లు కట్టిన మద్రాసు కోటలో బడ్జెట్లు పాసవుతుంటే, బందరు కోటలో పిచ్చి మొక్కలు మొలుస్తున్నాయి.

నాకనిపించేది ఇంతే. కోటకు ఆఫీసు ఉండాలి, జనానికి దారీ ఉండాలి. సెలవు రోజుల్లో అసెంబ్లీ హాలు చూపించొచ్చు. కూలిన వెల్లెస్లీ హౌస్‌కు ఏదో ఒక పని అప్పగించొచ్చు.. లైబ్రరీయో, స్కూలు పిల్లలు వచ్చి కూర్చునే హాలో. పాత కోటకు పెన్షన్ ఇచ్చి కూర్చోబెట్టడం కంటే చేయగలిగే పని ఇవ్వడమే మర్యాద.

వెళ్లేవాళ్ల కోసం

మ్యూజియంకి శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయం తొమ్మిదికల్లా వెళ్తే ఎండ, రద్దీ రెండూ తక్కువ. ఐడీ కార్డు మర్చిపోవద్దు. సెక్రటేరియట్ వైపు ఫోన్ ఎత్తి ఫొటోలు తీయకండి, సెక్యూరిటీవాళ్లు ఊరుకోరు. ముందు మ్యూజియం, తర్వాత చర్చి, ఆ తర్వాత బయటికొచ్చి హైకోర్టు మీదుగా ప్యారీస్ కార్నర్ దాకా నడవండి. 1773 నాటి హద్దు స్తంభం దగ్గర ఆగితే గోడ లోపలి కథ, బయటి కథ రెండూ చూసినట్టే. మధ్యాహ్నానికి అక్కడే జార్జ్ టౌన్ సందుల్లో ఏ మెస్‌లోనైనా భోజనం దొరుకుతుంది.

తిరిగి వచ్చాక వీలుచూసుకుని ఒక ఆదివారం బందరు వెళ్లండి. లడ్డూ కొనుక్కుని, మంగినపూడి బీచ్‌కి బండి తిప్పే ముందు ఆ కోట దగ్గర పది నిమిషాలు ఆగండి. రెండు కోటలూ చూసినవాళ్లకే తెలుస్తుంది.. రాయి గట్టిదైనంత మాత్రాన కోట నిలవదని.